రెండు కార్డుల కెమెరా

మైపాడు,
29 డిసెంబరు 2024, ఆదివారం.

చిన్నమ్మాయి ఫ్లోరాకు పెదనాన్న సంజీవరావు వందనాలూ దీవెనలూ కలిపి పంపుతున్నాడు. ఏవి కావాలో అవి తీసుకో.

చెవులు పోయినాయి గానీ కబుర్లు పోలేదు గనక ఈ ఉత్తరం. మీ అన్న జడ్సన్ చెవి మిషను కొనిచ్చినాడు. ఫోను దగ్గరికి తెస్తే చాలు, అది కుక్కరు మాదిరి ఈల వేస్తుంది. నలభై ఏళ్ళు ఊరివాళ్ళ ఉత్తరాలు మోసిన పోస్టుమాన్‌ని, ఇప్పుడు నా ఉత్తరాలు కూడా ఎవరో ఒకరు మోయాలి గదా. నువ్వు కూడా కాగితం మీదే రాయి. వాట్సాపులో పెడితే జడ్సన్ ముందు చదివి, తనకు నచ్చినంతవరకే నాకు చెబుతాడు.

సంగతేమిటంటే మీ అన్నకు పెళ్ళి కుదిరింది. అమ్మాయి పేరు వినీల, వెంకటాచలం ఊరివాళ్ళు, నర్సుగా చేస్తోంది. ఫిబ్రవరి ఇరవై, గురువారం, పొద్దున పదకొండు గంటలకు మన చర్చిలోనే. ఫోటోలు నువ్వు తీయాలి.

స్టూడియో వాళ్ళు లేరా అంటావేమో. ఉన్నారు. మొన్న ఒక పెళ్ళికి వచ్చినారు. ప్రార్థన జరుగుతుండగా గాల్లోకి ఒక యంత్రాన్ని వదిలినారు, జకరయ్య పాస్టరు గారు కళ్ళు మూసుకోవాల్సిన చోట తెరిచి దాన్నే చూస్తా ఉన్నారు. సరిగ్గా పడలేదని పెళ్ళికొడుకు చేత ఉంగరం మూడుసార్లు తొడిగించినారు. 'నవ్వండి, నవ్వండి' అని ఒకటే గోల. నాకు ఆ గోల వద్దు. నువ్వయితే నోరు మూసుకొని తీస్తావు.

ఒకటే షరతు. నన్ను మాత్రం ఫోటో తీయవద్దు. గుంపులో గానీ, జడ్సన్ పక్కన గానీ, ఎక్కడా వద్దు. ఎందుకని అడగొద్దు.

ఈ ఏడు నెత్తళ్ళ చేపలు బాగా పడుతున్నాయి. ఎండబెట్టి ఉంచుతాను, వచ్చినప్పుడు తీసుకుపో. మీ నాన్న లాజరస్‌ను మోకాళ్ళకు నూనె రాసుకోమని చెప్పు. వాడు నా మాట వినడు, నీ మాటా వినడు, అయినా చెప్పు.

మీ పెదనాన్న.

* * *

సూళ్లూరుపేట,
4 జనవరి 2025.

పెదనాన్నా,

దీవెనలు ఉంచుకుని వందనాలు తిప్పి పంపుతున్నాను. పెద్దవాళ్ళ దగ్గర వందనాలు తీసుకుంటే నాన్న ఊరుకోరు. మోకాళ్ళ సంగతి చెప్పాను. 'మా అన్నను ఆయన చెవుల సంగతి చూసుకోమను' అన్నారు.

జడ్సన్ అన్న పెళ్ళి మాట విని ఎంత సంతోషం వేసిందో. ఫోటోల మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. మళ్ళీ తీయడానికి రెండు రోజులు పట్టింది.

నాది ల్యాబులో రక్తాలు తీసే ఉద్యోగం, ఆదివారం ఆరాధన అయ్యాక శ్రీహరికోట రోడ్డు మీద స్కూటీ ఆపి పక్షుల్ని తీయడం నా సరదా. నా దగ్గరున్న లెన్సు చాలా పొడుగు. పులికాట్ సరస్సులో ఎక్కడో ఉన్న గూడబాతు కన్ను కూడా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని మన చర్చిలో నిలబడితే జడ్సన్ అన్న ముక్కు ఒక్కటే పడుతుంది. పెళ్ళికి వేరే కెమెరా చూడాలి. అది ఎలాంటిదో తేల్చుకోవాలంటే మీరు కొన్ని చెప్పాలి. గుమ్మం నుంచి పాస్టరు గారు నిలబడే చోటికి ఎంత దూరం? కిటికీలు ఏ వైపున ఉన్నాయి? పదకొండు గంటలకు లోపల వెలుగు ఉంటుందా? ఫ్లాష్ వేస్తే పాస్టరు గారు ఒప్పుకుంటారా?

ఇంకొక మాట. ఇది అడగకుండా మిగతావి అడగడం న్యాయం కాదు. పెద్దమ్మ పోయిన రోజు నేనేం చేశానో మీరు మరిచిపోయారా? 'ఫోన్లన్నీ లోపల పెట్టండి, ఫ్లోరా మంచి కెమెరాతో తీస్తుంది' అని అందరికీ చెప్పింది జడ్సన్ అన్నే. శవపెట్టె చుట్టూ మిమ్మల్నందరినీ నిలబెట్టి తీశాను. వాకిట్లో బ్యాటరీ మార్చాను. ఆ కెమెరాకు బ్యాటరీ తలుపూ కార్డు తలుపూ ఒకటే. కార్డు ఎక్కడ జారిందో ఈరోజు వరకూ తెలియదు. అంతకు రెండు నెలల ముందు సెలవులకు వచ్చి పెద్దమ్మను తీసిన ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. అప్పట్లో నాకు కంప్యూటరు లేదు, అన్నీ ఆ ఒక్క కార్డులోనే. ఆమె బతికున్నప్పటివీ పోయినాయి, ఆఖరిదీ పోయింది. అన్న నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు.

అలాంటి నన్ను పిలిచి పెళ్ళి అప్పగిస్తున్నారు. నిజంగానే అప్పగిస్తున్నారా?

మీ ఫ్లోరా.

* * *

మైపాడు,
9 జనవరి 2025.

అమ్మాయీ,

నువ్వు అడిగినవన్నీ కొలిచి రాస్తున్నాను. నిన్న సరిగ్గా పదకొండు గంటలకు చర్చికి పోయినాను. గుమ్మం నుంచి బల్ల దాకా నా అడుగులు ఇరవై రెండు. నావి పోస్టుమాన్ అడుగులు, నీవి ముప్పై దాకా అవుతాయి. కిటికీలు రెండు వైపులా మూడేసి. తూర్పు వాటికి సరుగుడు చెట్లు అడ్డం. దక్షిణాన ఉన్న చిన్న కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల ముందు పడుతుంది. అక్కడే గదా పెళ్ళికూతురు నిలబడేది. నేను ఆ ఎండలో నిలబడి మొహం మీద పడుతుందా లేదా అని చూసుకుంటూ ఉంటే, చర్చి ఊడ్చే అంకాలమ్మ వచ్చి 'ఏందయ్యా, ఈ వయసులో పెళ్ళా' అంది. ఆమె నోరు కదలడం చూస్తే చాలు నాకు అర్థమైపోతుంది.

ఫ్లాష్ వద్దని పాస్టరు గారు చెప్పమన్నారు. వాక్యం చదివేటప్పుడు మెరుపులొస్తే పంక్తి తప్పిపోతుందట. కెమెరా టకటకమని చప్పుడు కూడా చేయకూడదట.

కొత్త కెమెరా ఎందుకు, నీ పక్షుల కెమెరానే తీసుకురా. వెనక బెంచీల దగ్గర, దూరంగా నిలబడి తీసుకో. దగ్గరికి రావలసిన పని లేదు. పెళ్ళికూతురు మొహం కనిపిస్తే చాలు. నా షరతు మాత్రం మరిచిపోవద్దు.

పాత సంగతులు ఎందుకిప్పుడు. వదిలేయ్.

పోస్టాఫీసుకు కొత్తగా రేవతి అని ఒక అమ్మాయి వచ్చింది. స్కూటరు మీద ఉత్తరాలు పంచుతుంది. గేటు దగ్గర ఆగకుండా లోపలికి విసిరేస్తుంది. చేతికివ్వాలమ్మా అని చెప్పినాను. చేతికిస్తే మాట్లాడతారు తాతా, మాట్లాడితే ఆలస్యమవుతుంది అని కాగితం మీద రాసి చూపించింది.

మీ పెదనాన్న.

* * *

సూళ్లూరుపేట,
17 జనవరి 2025.

పెదనాన్నగారికి,

మీ అడుగుల లెక్క రాసుకుని మొన్న పొద్దున రైలెక్కి చెన్నై వెళ్ళాను. అక్కడ హెన్రీ గారని ఒక పెద్దాయన కెమెరాలు అమ్ముతారు, అద్దెకూ ఇస్తారు. నెల్లూరు వాళ్ళే, మన మాట వినగానే టీ తెప్పించారు. పెళ్ళి ఫోటోలని చెప్పగానే లోపలి నుంచి పెద్ద కెమెరా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.

'పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు ఇదే తీసుకుంటారమ్మా. రెండు కార్డులు పడతాయి. నువ్వు తీసే ప్రతి బొమ్మా రెండింటిలోనూ పడతాది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది' అన్నారు.

బ్యాటరీ తలుపు వేరే ఉందా అని అడిగాను. తీసి చూపించారు. మళ్ళీ చూపించమన్నాను. మూడోసారి అడిగితే ఆయన అద్దాలు పైకి నెట్టుకుని నా వంక చూశారు. ఎందుకడుగుతున్నానో చెప్పలేదు.

పక్కనే ఇంకొక చిన్న కెమెరా కూడా చూపించారు. దానికి ఒకటే కార్డు, మార్చడానికి వీల్లేని ఒకటే లెన్సు. చప్పుడు అసలు రాదు, తక్కువ వెలుగులో బాగా పడుతుంది. అయితే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోలేదు. ఎవరిని తీయాలన్నా వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాలి. మన చర్చికి నిజానికి అదే సరైనది. నా చెయ్యి మాత్రం రెండు కార్డుల దాని మీదే ఉండిపోయింది. రెండింటికీ ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో జడ్సన్ అన్న ఫోను చేశాడు. 'ఈసారి కార్డు దారం కట్టి మెళ్ళో ఏసుకో' అన్నాడు. సరదాకే అన్నాడు. నేనూ నవ్వాను. మర్నాడు ల్యాబులో ప్రతి సీసా మీద పేరు మూడేసిసార్లు సరిచూసుకున్నాను.

అప్పుడు మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నేను కార్డు సంగతి అడిగితే మీరు జవాబు రాయలేదు. దూరంగా నిలబడమన్నారు. దగ్గరికి రావద్దన్నారు. మిమ్మల్ని మాత్రం తీయవద్దని రెండుసార్లు రాశారు. పెదనాన్నా, మీరు మొహం మీద అనలేరు, అందుకని ఇలా రాశారు. నాకు అర్థమైంది. నా చేతిలో కెమెరా చూడటం మీకు ఇష్టం లేదు, అయినా తమ్ముడి కూతురు గదా అని, నన్ను పక్కన పెట్టినట్టు ఉండకూడదని అడిగారు.

మీకు ఆ ఇబ్బంది వద్దు. నేను పెళ్ళికి వస్తాను, వడ్డన దగ్గర నిలబడతాను. ఫోటోలకు స్టూడియో వాళ్ళకే చెప్పండి. దీని మీద నాకు కోపం లేదు. బాధ ఉంది, అది మీవల్ల కాదు.

ఫ్లోరా.

* * *

మైపాడు,
23 జనవరి 2025.

ఫ్లోరా,

ఈసారి పలకరింపులు ఆఖర్న పెడతాను. ముందు చెప్పాల్సింది చెప్పకపోతే మళ్ళీ చేపల సంగతి రాసి సంతకం పెట్టేస్తాను.

కార్డు నువ్వు పోగొట్టలేదు. నేను తీసినాను.

మీ పెద్దమ్మ సామ్రాజ్యాన్ని పెట్టెలో ఉంచినాక అందరం చుట్టూ నిలబడినాము. నన్ను తల దగ్గర నిలబెట్టినారు. 'పెదనాన్నా, ఒక్కసారి ఇటు చూడండి' అన్నావు. చూసినాను. చూసి నవ్వినాను. ఎవరు కెమెరా ఎత్తినా నా నోరు దానంతట అదే నవ్వుతుంది. పోస్టాఫీసు గ్రూపు ఫోటోల దగ్గర నుంచి వచ్చిన అలవాటు. నువ్వు కెమెరా దించినాక తెలిసింది నాకు, నా పళ్ళు బయట ఉన్నాయని. నలభై రెండేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి పెట్టెలో ఉంటే, పక్కన నిలబడి నవ్వినాను.

పెట్టె ఫోటోను పెద్దది చేయించి ముందు గదిలో కట్టడం మనవాళ్ళ ఆనవాయితీ గదా. వచ్చినవాళ్ళందరూ చూస్తారు. జడ్సన్ చూస్తాడు. సమాధుల దగ్గర నుంచి తిరిగి వచ్చినాక కెమెరా మంచం మీద పెట్టి నువ్వు కాళ్ళు కడుక్కోవడానికి పోయినావు. దాని అడుగు తలుపు తీసి, 'అన్నీ ఇందులోనే ఉంటాయి పెదనాన్నా' అని నాకు అంతకు ముందు చూపించింది నువ్వే. గోరుతో నొక్కితే కార్డు పైకొచ్చింది. చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆ సాయంత్రం నువ్వు బియ్యపు జల్లెడ తెచ్చి వాకిట్లో ఇసుకంతా జల్లించినావు. జడ్సన్ నిన్ను తిడతా ఉన్నాడు. నేను కుర్చీలో కూర్చుని చూస్తా ఉన్నాను, కార్డు నా జేబులో ఉంది. లేచి చెబుదామని మొదటిసారి అనుకున్నప్పుడు సిగ్గేసింది. రెండోసారి అనుకున్నప్పుడు, ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకేం చెబుతాను అనిపించింది. ఆ తర్వాత ఒక్కొక్క రోజే ఆలస్యం పెరిగి ఆరేళ్ళయింది.

తుపాను రోజు కూడా ఒకరి ఉత్తరం నా సంచిలో మర్నాటి దాకా ఉండనిచ్చిన వాణ్ణి కాదు. నీది మాత్రం అదే సంచి అడుగున, మేకుకు తగిలించి పెట్టుకున్నాను.

దాన్లో పెద్దమ్మ బతికున్నప్పటి ఫోటోలు ఉన్నాయని నువ్వు మొన్న రాసేదాకా నాకు తెలియదు తల్లీ. పెట్టె ఫోటో ఒక్కటే అనుకున్నాను. ఆ మాట చదివినాక అన్నం సయించలేదు. అయినా ధైర్యం చాలక అడుగులు, కిటికీలు రాసి పంపినాను.

నన్ను తీయొద్దన్నది నీ మీద కోపంతో కాదు, నా నోటి మీద భయంతో. జడ్సన్ పక్కన వాళ్ళమ్మ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ పక్కన నిలబడి మళ్ళీ నవ్వుతానేమోనని. అందుకే ఆ రోజు వెనక బెంచీలో కూర్చుందామనుకున్నాను. జడ్సన్‌కు ఇంకా చెప్పలేదు.

నువ్వు రెండు కార్డుల కెమెరా కోసం వెతుకుతున్నావంటే అది నా వల్లే. నీకు రెండు కార్డులు అక్కర్లేదు. నువ్వు ఒక్క కార్డు కూడా పోగొట్టిన దానివి కాదు.

కార్డును దూదిలో చుట్టి ఈ కవర్లో పెట్టి రిజిస్టరు చేస్తున్నాను. నువ్వు తీసినా తీయకపోయినా ఇది నీది.

వందనాలు. ఈసారి దీవెనలు పెట్టే మొహం లేదు.

సంజీవరావు.

* * *

సూళ్లూరుపేట,
3 ఫిబ్రవరి 2025.

పెదనాన్నా,

రిజిస్టరు కవరు పోయిన సోమవారమే అందింది. వారం రోజులు మీకు రాయలేదు. కోపం వచ్చింది. మీ మీద నాకు కోపం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు, వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియలేదు. నాన్నకు చెప్పాను. 'మా అన్న చిన్నప్పటి నుంచీ ఫోటోల్లో అంతే' అని మాత్రం అన్నారు.

ఆ రోజు నుంచి నేను ఒక్క మనిషిని కూడా ఫోటో తీయలేదు, మీకు తెలుసా? నాన్న రిటైరైన రోజున తీయమంటే బ్యాటరీ అయిపోయిందని అబద్ధం చెప్పాను. పక్షులకైతే జవాబు చెప్పుకోనక్కర్లేదని వాటి వెంట పడ్డాను. ఆరేళ్ళు పెదనాన్నా. ఆ జల్లెడ ఇప్పటికీ నా చేతుల్లో ఉన్నట్టే ఉంటుంది. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. ఇది రాయకుండా మిగతాది రాయలేను.

నిన్న ఆరాధన నుంచి వచ్చి కార్డు కంప్యూటర్లో పెట్టాను. తెరుచుకుంది. మొత్తం ముప్పై ఒకటి ఉన్నాయి. పెద్దమ్మ వాకిట్లో నెత్తళ్ళు శుభ్రం చేస్తోంది. ఒకదానిలో నన్ను తిడుతోంది, నోరు తెరిచి ఉంది. 'చీర మార్చుకోనియ్యవే' అని అప్పుడు అన్నది ఇప్పుడే విన్నట్టుంది. తర్వాత దానిలో నిజంగానే చీర మార్చుకుని, పొడరు రాసుకుని వచ్చి కూర్చుంది. అది అసలు బాగాలేదు. తిట్టేదే బాగుంది.

ఆఖరిది పెట్టె దగ్గరిది. పెద్దది చేసి చూశాను. మీరు నవ్వారు. నవ్వలేదని అబద్ధం చెప్పను.

దానికి ముందున్న ఫోటో కూడా చూశాను. గుర్తుందా, అంతకు ముందు వచ్చినప్పుడు పెద్దమ్మ మిమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది. ఖాకీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని ఉన్నారు. అందులోనూ మీరు నవ్వారు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింట్లోనూ అదే నవ్వు. ఎడమ బుగ్గ పైకి లేచి, ఊడిన పన్ను సందు కనిపిస్తూ. నాన్న కూడా చూశారు. పోస్టాఫీసు గ్రూపు ఫోటో మా ఇంట్లో ఉంది, దాన్ని కూడా దించి చూశాం. అందులో మీరు అసలు నవ్వనే లేదు పెదనాన్నా. పోలీసువాళ్ళు పట్టుకొచ్చినట్టు నిలబడ్డారు. ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ తీయించి చూశాను. పెద్దమ్మ పక్కన ఉన్నవాటిలోనే నవ్వారు.

కెమెరా సంగతి. హెన్రీ గారికి ఫోను చేసి చిన్నదే చెప్పాను, ఒక్క కార్డుది. పొడుగు లెన్సు తీసుకురావడం లేదు. దానితో దూరంగా నిలబడితే కుదరదు. దగ్గరికి రావాలి. మీ దగ్గరికి కూడా వస్తాను. మీ షరతుకు ఒప్పుకోవడం లేదు. నా షరతు ఒకటి ఉంది. మీరు వెనక బెంచీలో కూర్చోకూడదు, అన్న పక్కన నిలబడాలి. నేను 'ఇటు చూడండి' అనను.

కోపం పూర్తిగా పోయిందా అంటే ఇంకా కొంచెం ఉంది. ఫోటోలకు దానితో పని లేదు.

మీ ఫ్లోరా.

* * *

మైపాడు,
9 మార్చి 2025, ఆదివారం.

చిన్నమ్మాయికి దీవెనలు. ఈసారి ధైర్యంగా పెడుతున్నాను.

ఫోటోలు శుక్రవారం అందినాయి. రేవతి చేతికే ఇచ్చింది. ఇచ్చి పోకుండా నిలబడింది, ఒక్కొక్కటీ చూసింది. ఆలస్యమవుతుందమ్మా అన్నాను. వినిపించనట్టు చూసింది.

వినీల ఎండలో నిలబడింది అద్భుతంగా ఉంది. నా అడుగులు వృథా పోలేదు. జడ్సన్ పక్కన నేను నిలబడినది నువ్వు ఎప్పుడు తీసినావో నాకు తెలియనే లేదు. నీ కెమెరాకు నోరు లేదు, నాకు చెవుల్లేవు, ఇద్దరికీ సరిపోయింది. వాడికీ నాకూ మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడినాము. ఎవరూ చెప్పలేదు. నేను కొంచెం అటు తిరిగి, ఆ చోటు వైపు చూసి నవ్వుతున్నాను. ఇందాకటి నుంచి దాన్నే చూస్తా ఉన్నాను.

కార్డు సంగతి పెళ్ళికి ముందు రోజే జడ్సన్‌కు చెప్పేసినాను. వాడు లోపలికి పోయి బియ్యపు జల్లెడ తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు. 'ఇంకేమన్నా దాచిపెట్టినావేమో, నువ్వే జల్లించుకో నాయనా' అని నా చెవి దగ్గర అరిచినాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చినాడు. నీకు ఉత్తరం రాస్తానని కాగితం తెచ్చుకుని మూడు రోజులైంది. 'ప్రియమైన చెల్లికి' దగ్గరే ఉన్నాడు. తొందరపెట్టొద్దు, వాడికి మాట అనడం వచ్చినంత తేలికగా క్షమించమనడం రాదు.

పెద్దమ్మ నెత్తళ్ళ ఫోటో ముందు గదిలో కట్టినాము. తిట్టేదే. వినీల దాని ముందు నిలబడి, 'అత్తమ్మది ఎడం చెయ్యి వాటమా' అని అడిగింది. జడ్సన్ నా వంక చూసినాడు, నేను వాడి వంక చూసినాను. అవును, ఆమెది ఎడం చెయ్యే. మా ఇద్దరికీ ఆ సంగతే మరుపొచ్చింది. ఆరేళ్ళు నేను దాచింది నా నవ్వు ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. నీ కోపం ఇంకా కొంచెం ఉందన్నావు గదా, ఉండనీ. నాకు అది న్యాయమే.

పెట్టె ఫోటో కూడా ఒకటి కడిగించి పంపు. గోడకు వద్దు. నా ట్రంకుపెట్టెలో, మా పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకుంటాను. ఆ రోజు కూడా ఆమె పక్కన నిలబడినాను గదా.

నెత్తళ్ళు ఎండినాయి. మీ నాన్నకు ఒక పొట్లం, నీకు ఒక పొట్లం. వచ్చి తీసుకుపో, వచ్చేటప్పుడు ఆ చిన్న కెమెరా తెచ్చుకో. అంకాలమ్మ తనను కూడా తీయమంటోంది.

నా సంచిని మేకు మీద నుంచి దించి, దులిపి, వాకిట్లో ఎండకు వేసినాను. ఖాళీగా ఉంది.

మీ పెదనాన్న.